హాసిని కూర్చునే పెట్టె

కృత్తిక కార్తె, మంగళవారం

ఈరోజు గుట్టలోంచి పాత ఏసీల బయటి పెట్టెలు పదకొండు తీశాం. ఒక్కదాంట్లోనూ గ్యాస్ లేదు. రాగి గొట్టాలు ఒక తట్టెడు, అల్యూమినియం రేకులు మూడు బస్తాలు వచ్చాయి. ఒక పెట్టెలో ఉడుత కాపురం ఉంది. దాన్ని కాపురంతో సహా కంచె మీదికి మార్చాం.

నమోదులో బరువూ రకమూ మాత్రమే రాయాలని వార్డు వాళ్ల నిబంధన. లోహశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, యాభై ఏళ్లుగా తుక్కు మధ్య కూర్చున్నదాన్ని బరువు రాసి నోరు మూసుకోమంటే ఎలా? చదివేవాడికి ఓపిక లేకపోతే మొదటి పేరా చదివి సంతకం పెట్టుకోవచ్చు.

మా యార్డు ఒకప్పటి ఏసీ ఫ్యాక్టరీకి వెనక దొడ్డి. తయారీలో మిగిలిన గొట్టం ముక్కలూ, రేకుల కత్తిరింపులూ, రిపేరుకని వచ్చి తిరిగి వెళ్లని పెట్టెలూ వాళ్లు ఇక్కడ గుట్ట పోసి మట్టి కప్పారు. మేం ఆ మట్టి తీస్తున్నాం. పెట్టెను కోసే ముందు స్పానర్‌తో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వినడం మా దగ్గర ఆచారం. దానివల్ల ఏమీ తెలియదు. వాల్వుకు గేజి తగిలిస్తేనే లోపల గ్యాస్ ఉందో లేదో తెలిసేది. అయినా తట్టకుండా కొయ్యమంటే మావాళ్లకు చేతులాడవు. గ్యాస్ ఉంటే ముందు సిలిండర్‌లోకి లాగాలి, ఆ తర్వాతే రంపం. ఆ గ్యాస్ తయారీ ఆపేసి నా జీవితంలో సగం గడిచింది. లోకంలో ఉన్నదంతా పాత పెట్టెల్లో మిగిలిందే.

నా పేరు శాన్విక. నవ్వకండి, నా ఈడు ముసలమ్మల పేర్లన్నీ ఇలాగే ఉంటాయి. నా మనవరాలి పేరు మంగతాయారు. కాలం ఎటు తిరిగి ఎటు వస్తుందో చెప్పలేం. యార్డులో వెల్డింగ్ పనంతా మంగతాయారుదే. మా వార్డు చలివేంద్రంలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అదే కాయిల్, కూడా మా రాగితో తనే చేసింది.

ఆ కాయిల్ మళ్లీ కారుతోందని సాయంత్రం కబురొచ్చింది. గ్యాస్ నింపి ఎన్నాళ్లో కాలేదు.

నా చిన్నప్పుడు చలివేంద్రం అంటే రోడ్డు పక్కన పందిరి, ఒక కుండ, గొలుసుతో కట్టేసిన గ్లాసు. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం సైరన్ మోగితే వార్డు వార్డంతా వెళ్లి కూర్చునే హాలు. ఎవరింట్లో వాళ్లు చల్లబరుచుకునే రోజులు పోయాయి. అది పోగొట్టుకున్న తరం మాదే కాబట్టి మాట్లాడకుండా చాప పట్టుకుని వెళ్తాం.

చలివేంద్రం చూసుకునేది హాసిని. నా కంటే రెండేళ్లు చిన్నది, ఆ మాట రోజుకు రెండుసార్లు అంటుంది. పొద్దున హాలు వసారాలో ఇడ్లీలు వేస్తుంది, సాయంత్రం వాళ్లింటి ముందు పాత ఏసీ బయటి పెట్టె మీద బొంత పరుచుకుని కూర్చుంటుంది. ఆ పెట్టె కోసం నేను ఏటా అడుగుతాను, ఆమె ఏటా ఇవ్వనంటుంది. ఈ సాయంత్రం కూడా అడిగాను.

"నేను పొయినాక తీసుకో మే," అంది.

"నీకంటే ముందు నేనే పోతే?"

"అప్పుడు అడిగే పీడ వదుల్తాది."

"అయినా అందులో ఏముంది, గాలి. ఆ కాలం మెకానిక్కులు పెట్టె దించేటప్పుడు గ్యాసంతా బుస్సుమని గాల్లోకి వదిలేసేవోళ్లు. మీ ఆయన ఒక్కడే వదల్లేదంటే నమ్మాలా?"

హాసిని భర్త రిత్విక్ ఏసీ మెకానిక్. పోయి చాలా ఏళ్లయింది. ఆమె బొంత సర్దుకుంది.

కృత్తిక కార్తె, శుక్రవారం

వెంకటప్పయ్య వచ్చాడు. వార్డులో చల్లదనం వ్యవహారాలు చూసే అధికారి. ముప్పై ఏళ్లు లేవు. చంకలో ఫైలు పెట్టుకుని నిలబడితే మాత్రం అరవై ఉన్నట్టు ఉంటాడు. వాడు మొట్టమొదటి ఇడ్లీ తిన్నది నా ఒళ్లో కూర్చునే. ఆ సంగతి వాడికి గుర్తు చేస్తే ఫైలు ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటాడు.

"జేజమ్మా, ఇది రెండోసారి," అన్నాడు. "ఇంక గ్యాస్ ఇచ్చేదే లేదని పైనించి రాసేసినారు."

"కారినందుకు తప్పెవురిదని రాసినారు?"

"రాగిలో కల్తీ అన్నా ఉండాల, లేదంటే అతుకన్నా సరిగ్గా పడకుండా ఉండాల. రెండిట్లో యాదైనా మీ ఇంటిదే."

మంగతాయారు టార్చి ఆర్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసింది. "నా అతుకు చూసినావా అప్పయ్యా?"

"చూళ్లేదు."

"చూడకుండానే చెప్తా ఉండావే! మీ ఆఫీసులో అంతా వాసన చూసి రాస్తారా?"

వాడు నా వైపు తిరిగాడు. ఆడవాళ్లలో నెమ్మదస్తురాలిని వెతుక్కుంటూ నా వైపు తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారంటే ఆశ్చర్యమే.

విషయం ఇది. రోహిణి కార్తె పోయేలోగా కాయిల్ బాగుచేసి, గ్యాస్ కూడా మేమే సంపాదించి నింపాలి. లేకపోతే చలివేంద్రానికి తాళం పడుతుంది. వార్డు వార్డంతా ఉప్పు బీడు దాటి దక్షిణం వార్డు హాలుకు నడిచి వెళ్లాలి. మంగతాయారు వెల్డింగ్ బిళ్ల లాగేసుకుంటారు. బిళ్ల లేనిదే ఏ యార్డులోనూ టార్చి ముట్టనివ్వరు.

ఎండలో ఆ ఉప్పు బీడు నేను దాటగలను, నన్ను నడిపించడానికి కోపం ఉంది. హాసినికి మోకాళ్లున్నాయి. నిరుడు ఆ దారిలో మధ్యలోనే కూలబడి, మళ్లీ లేవని ఇద్దరినీ ఈ వార్డు ఇంకా మరిచిపోలేదు.

"కాయిల్ విప్పి ఈడికి పంపించు," అన్నాను. "విప్పేటప్పుడు ఏ వైపు పైన ఉందో సుద్దతో గుర్తు పెట్టు. నువ్వే పెట్టు, ఇంకొకరికి చెప్పొద్దు."

"ఎందుకు?"

"ఇంకొకరు ఇంకొకరికి చెప్తారు గాబట్టి."

రోహిణి కార్తె, మొదటి రోజు

పొద్దున్నే కాయిల్ వచ్చింది. సుద్ద గుర్తు ఉంది. వాడి మీద ఆశ పెట్టుకోవచ్చు.

రెండు మూతులు బిగించి, లోపలికి గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచాం. మంగతాయారు మోకాళ్ల మీద కూర్చుని తొట్టి అంచు పట్టుకుని చూస్తోంది. కొసల దగ్గర గొట్టాలు వంపు తిరిగేచోట వరసగా తన అతుకులు. పరీక్షలు రాసిన రోజుల్లో కూడా దాని మొహం అంత బిగుసుకోవడం నేను చూడలేదు.

అతుకుల దగ్గర ఒక్క బుడగ లేదు.

"చూడు జేజీ. చూడు!"

"చూస్తానే ఉండా. తొట్టిలోకి దూకబాక."

బుడగలు వేరేచోట వస్తున్నాయి. గొట్టాల నడుమ, ఏ అతుకూ లేనిచోట, సన్నగా ముత్యాల దండల్లా పైకి వస్తున్నాయి. అదీ కింది వరసల్లోనే. పై వరసలు నిమ్మళంగా ఉన్నాయి. రాగిలో కల్తీ ఉంటే పై వరసలూ పోవాలి కదా. అంతా ఒకే రోజు, ఒకే ముద్ద నుంచి లాగిన గొట్టం.

కింది వరసలోంచి వేలెడు ముక్క కోయించి, అడ్డంగా అరగదీసి, భూతద్దం కింద పెట్టాను. గొట్టం పైన సూదిమొన పట్టేంత రంధ్రం. గోడ మందంలో మాత్రం అది కొమ్మలుగా చీలి, సొరంగాలుగా తిరిగి, లోపలి వైపు తేలింది. ఈ బొమ్మ నేను కాలేజీలో చూశాను. చీమల పుట్ట తుప్పు అనేవాళ్లం. చీమలకు దాంతో ఏ సంబంధమూ లేదు. పులిసిన ఆవిరి తడి రాగి మీద చేరి, నెలల తరబడి నెమ్మదిగా తొలుస్తుంది. పరీక్షలో ఇది నాకు రాలేదు. పోనీ, ఇప్పుడొచ్చింది.

"పులిసిన ఆవిరా? హాల్లో పులిసేదేముంది, మనుషులు తప్ప?" అంది మంగతాయారు.

"మనుషులు నిలువునా పులుస్తారు. ఇది కింది వరసలనే పట్టుకుంది. రేపు పొయ్యి చూస్తా."

రోహిణి కార్తె, మంగళవారం

కాయిల్ లేని చలివేంద్రం వట్టి హాలే. ఫ్యాన్లు వేడిగాలిని ఒక మూల నుంచి ఇంకో మూలకు మోస్తున్నాయి. జనం తడి తువ్వాళ్లు కప్పుకుని కూర్చున్నారు. పిల్లలు కూడా అల్లరి చేయడం లేదు. అదే నాకు నచ్చలేదు.

కాయిల్ ఉండే గూడు హాలు చివర, గుడ్డ తెర వెనక ఉంది. గాలిని లోపలికి లాగేది ఆ వైపు నుంచే. పాత కాయిల్ అక్కడ గోడ నుంచి గోడ దాకా నిండా ఉండేది. కొత్తది చేసినప్పుడు మంగతాయారు శుభ్రం చేసుకోవడానికి వీలుగా ముందు రెండు బారల జాగా వదిలింది. మంచి ఆలోచన. మెచ్చుకున్నాను కూడా.

తెర ఎత్తాను.

గిన్నెలు. స్టీలువి, మట్టివి, ప్లాస్టిక్ డబ్బాలు, ఒక పాత కుక్కరు. నేల మీద నాలుగు వరసలు. అన్నిటి మూతికీ గుడ్డ కట్టి, ఒక్కో గుడ్డకు ఒక్కో ఇంటి గుర్తు. ఒకదాని మీద బొత్తాం కుట్టి ఉంది, ఒకదానికి నీలం అంచు. వార్డు మొత్తం ఇడ్లీ పిండి అక్కడ పులుస్తోంది. నా ముక్కు ఇంతకాలం ఏం చేసిందో అడగకండి. ఇడ్లీ వాసన వస్తే అది తప్పు వెతకదు, పళ్లెం వెతుకుతుంది.

"ఏమ్మే హాసినీ, ఏంది ఇది?"

"పిండి. కళ్లు కనపళ్లా?"

"ఎన్నాళ్లనించి ఈడ పెడతా ఉండారు?"

"కొత్త కాయిల్ వచ్చినకాడ్నించి. అంతకుముందు జాగా యాడుండాది? ఈ ఎండలకు రుబ్బిన పిండి ఇంట్లో పెడితే పొద్దు తిరిగేలోపల కల్లు. ఈడ పెడితే నిదానంగా పొంగి, పువ్వు మాదిరి వస్తాది. కాయిల్ లేకపోయినా ఇంటికంటే ఈడే మేలు. ఏం, గిన్నెలు గూడా నీ పర్మిషన్ తీసుకోవాల్నా?"

చెప్పాను. సొరంగాల సంగతి, కింది వరసల సంగతి, ఆవిరి గాలితో పాటు కాయిల్ మీదికి పోయి, అక్కడి చెమ్మలో కలిసి రాగిని తొలిచే సంగతి. ఆమె సాంతం విని, వంగి, ముందు వరసలో ఉన్న ఒక గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. దాని మెడకు రాగి తీగ మెలివేసి చుట్టి ఉంది. ఈ వార్డులో గిన్నెలకు రాగి తీగ చుట్టేది మా ఇంట్లోనే.

"మీ మంగతాయారుది," అంది హాసిని. "నువ్వు పొద్దున్నే ఊదుకుంటా తినే ఇడ్లీ యాడ పులిసిందనుకున్నావు మే? చదువుకున్నదానివి గదా, అది గూడా పుస్తకంలో రాసుంటుందిలే."

నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. బరువుగానే ఉంది.

రోహిణి కార్తె, గురువారం

వెంకటప్పయ్యను తీసుకెళ్లి కోసిన ముక్క చూపించాను, తర్వాత తెర ఎత్తి గిన్నెలు చూపించాను. వాడు ఫైలు తెరిచి ఏదో రాయబోయి ఆగిపోయాడు.

"ఆ నీలం అంచుది..."

"మీ యమ్మదే," అంది హాసిని. "నువ్వు కాయిల్ విప్పే పొద్దు అడ్డమని అన్నీ ఎత్తి పక్కన పెట్టినాం. నిన్న ఇంకో గిన్నె గూడా తెచ్చింది. ఇంటికి చుట్టాలంట."

వాడు ఫైలు మూశాడు. "అతుకు తప్పు కాదు, రాగి తప్పు కాదు అని రాస్తా జేజమ్మా. ఎవురి తప్పో రాయను. రాస్తే వార్డు మొత్తం పేర్లు పట్టేదానికి ఈ కాగితం చాలదు."

మంగతాయారు బిళ్ల గండం సగం తీరింది. హాలు గండం తీరలేదు. తప్పు ఎవరిదైనా, గ్యాస్ మాత్రం పైనించి రాదన్నాడు.

తన గిన్నె కూడా అక్కడే ఉన్న సంగతి ఆ రోజు తట్టనందుకు నెత్తిన కొట్టుకుని, గిన్నెల సంగతి మంగతాయారే తేల్చింది. కాయిల్ పని చేసేటప్పుడు దాని మీద నుంచి కారే చల్లటి నీళ్లు గొట్టంలో బయటికి పోయి ఇసుకలో ఇంకిపోతాయి. హాలు వెనక నీడలో ఒక తొట్టి కట్టి, ఆ నీళ్లు అందులో పడేట్టు చేస్తే, గిన్నెలు ఆ తొట్టిలో కూర్చుంటాయి. పిండికి చలి, కాయిల్‌కు శాంతి. తొట్టి కట్టడానికి వార్డులో ప్రతి ఇంటినుంచీ ఒకరు వచ్చారు. తిట్టుకుంటూనే వచ్చారు, కానీ వచ్చారు. మంగతాయారు కింది వరసలన్నీ తీసేసి కొత్త గొట్టం అతికింది. ముందున్న జాగాకు జాలీ తలుపు పెట్టి తాళం వేసింది. తాళం చెవి నాకిచ్చింది, హాసినికి ఇవ్వలేదు.

మిగిలింది గ్యాస్. గుట్టలో పెట్టెలు రోజూ తీస్తున్నాం, రోజూ తడుతున్నాం, గేజి ముల్లు కదలదు. యార్డులో ఉన్న సిలిండర్లన్నీ కలిపి తూచాను. ఒక్క ఇంటి పెట్టెకు సరిపడా తక్కువ పడుతోంది. అది కూడా ఇదే రకం గ్యాస్ అయి ఉండాలి. వేరే రకం కలిపి పోస్తే మిషన్ చెడుతుంది.

ఆ రకం గ్యాస్ పోసిన పెట్టె వార్డులో ఎక్కడుందో నాకు తెలుసు. గ్యాస్ రకం రాసి దాని పక్కన అతికించిన కాగితం నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

రోహిణి కార్తె, శనివారం

సాయంత్రం హాసిని ఇంటికి వెళ్లాను. బొంత మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"ఇయ్యను," అంది, నేను నోరు తెరవకముందే.

"కుర్చీ ఇస్తా. చేతులుండేది."

"ఇయ్యను."

"గ్యాస్ లేకపోతే హాలు లేదు. నీ మోకాళ్లతో ఉప్పు బీడు దాటతావా?"

"నన్నెవురైనా మోసకపోతారులే."

"హాసినీ, నువ్వు ఒకటే కాదు గదా."

ఆమె కాయలు పక్కన పెట్టింది. బొంత కొస ఎత్తి పెట్టె మీద చేయి వేసింది.

"దీన్ని గోడ మీద నించి దించేటప్పుడు నేను పక్కనే ఉండా. అప్పుడే ఇండ్లల్లో ఏసీలు తీసెయ్యమని చెప్పినారు. అందరూ గబగబా పీకేస్తా ఉంటే, రిత్విక్ మాత్రం మధ్యాహ్నం దాకా కూర్చుని గ్యాసంతా ఈ పెట్టెలోకి దించి, వాల్వులు మూసి, మూతలు బిగించినాడు. దీంట్లో చలి దాచిపెట్టినా, ఎప్పుడన్నా పనికొస్తాది, జాగ్రత్తగా ఉంచు అన్నాడు. నువ్వేమో ఏటా వచ్చి గాలి, గాలి అంటావు." నా వైపు చూసింది. "ఇన్నేండ్లకు వాల్వు కారిపొయ్యుండొచ్చు. లేదంటే ఆయన నాతో ఊరికే అనుండొచ్చు. తెరిస్తే మీ ఇద్దరిలో ఒకరి మాట అబద్ధమవుతాది. తెరవకపోతే ఆయన మాట ఆయనకి ఉంటాది."

  ఆమె ఒలిచిన పప్పులు రెండు నోట్లో వేసుకుని ఇంటికొచ్చాను. ఆమె తినొద్దని అనలేదు. దానికి మాత్రం నాకు భయం వేసింది.

రోహిణి కార్తె, ఆదివారం

పొద్దున యార్డు గేటు దగ్గర తోపుడు బండి చప్పుడు. వెంకటప్పయ్య తోస్తున్నాడు, ఫైలు లేదు. బండి మీద పెట్టె. పక్కన ఒక చేయి పెట్టె మీద ఆనించుకుని హాసిని. బొంత భుజాన వేసుకుంది.

"నిన్న హాల్లో ఒక పిల్లకాయ వడదెబ్బకి వాంతులు చేసుకున్నాడు," అంది. "ఇప్పుడు పర్వాలేదు. రాత్రంతా నేనే విసిరినా." 

చెట్టు లేదు కాబట్టి రేకుల షెడ్డు నీడలోకి తోశాం. మంగతాయారు స్పానర్ తీసి నాకివ్వబోయి, మనసు మార్చుకుని హాసినికి ఇచ్చింది.

"రెండు దెబ్బలు కొట్టి చెవి పెట్టు హాసిని జేజీ. అది మా ఆచారం."

హాసిని తట్టింది. చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఏమన్నా ఇనిపించిందా?" అన్నాను.

"నీ గొంతే ఇనిపిస్తా ఉండాది. ఊరుకో."

వాల్వు మీది ఇత్తడి మూత నేనే తిప్పాను. తిరగలేదు. మళ్లీ పట్టాను. మంగతాయారు చేయి వేసింది. ఆ కాలంలో మూతలు వేళ్లతో తిప్పి వదిలేసేవాళ్లు, ఎన్ని వందలు విప్పానో నాకు తెలుసు. ఇది స్పానర్ వేసి బిగించిన మూత. ఇద్దరం కలిసి లాగితే చిన్నగా కీచుమని కదిలింది. లోపల మరల మీద నూనె పూత ఇంకా జిడ్డుగానే ఉంది. తుప్పు లేదు. ఎవరూ చూడని చోట కూడా ఒక మనిషి తుడిచి, నూనె రాసి, మూసిపెట్టాడు.

గేజి తగిలించాను. వాల్వు పావు చుట్టు తిప్పాను.

ముల్లు వణికింది. పైకి లేవలేదు. హాసిని చూపు గేజి మీద లేదు, నా మొహం మీద ఉంది. ఇంకొంచెం తిప్పాను. అప్పుడు ముల్లు లేచింది. తొందరేమీ లేనట్టు, నిద్ర లేచిన మనిషిలా లేచి, ఎక్కడ ఉండాలో అక్కడ నిలబడింది.

"గాలి కాదు," అన్నాను.

"ఏమంటివి?"

"గాలి కాదంటిని."

"అప్పయ్యకు గూడా ఇనపడేట్టు చెప్పు."

"గాలి కాదు! నిండా ఉంది. మీ ఆయన దించినట్టు ఈ జిల్లాలో ఇంకెవురూ పెట్టె దించలా. చాలా?"

"చాలదు. కానీ ఇంక నీకు వయసైపోయింది, ఇడిచిపెడతా," అంది హాసిని. బొంత కొసతో కళ్లు తుడుచుకుంది. ఎండ అంది. షెడ్డు నీడలో ఉన్నాం. నేను ఎండేనన్నాను.

మృగశిర కార్తె, మొదటి రోజు

చలివేంద్రం పని చేస్తోంది. మధ్యాహ్నం పిల్లలు అల్లరి చేశారు, ఇద్దరిని బయటికి పంపుతానని బెదిరించాను, నమ్మలేదు. వెనక తొట్టిలో గిన్నెలు మెడ లోతు చన్నీళ్లలో కూర్చున్నాయి. మంగతాయారు బిళ్ల మంగతాయారు మెడలోనే ఉంది. వాన చినుకు ఇంకా పడలేదు కానీ తూర్పు గాలికి తడి వాసన వచ్చింది.

హాసిని పెట్టెను మేం కోయలేదు. గ్యాస్ లాగేశాక, లోపలి రాగీ కంప్రెసరూ కూడా తీయొద్దని నేనే చెప్పాను. అవి తూకానికి ఎంతో పలికేవి. తూకం గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూతలు మళ్లీ స్పానర్‌తో బిగించి, మరలకు నూనె రాసి, వాళ్లింటి ముందు యథాస్థానంలో పెట్టించాను. సాయంత్రం వెళ్లేసరికి బొంత పరుచుకుని కూర్చుని ఉంది.

"తేలిగ్గా ఉండాది మే," అంది.

"నువ్వా, పెట్టా?"

"నోరు మూసుకుని కూర్చో," అని పక్కకు జరిగింది. ఆ పెట్టె మీద ఇంకో మనిషికి జాగా ఉంటుందని ఇన్నేళ్లలో నాకు తెలియదు. కూర్చున్నాను.

నేటి నమోదు. చలివేంద్రంలో నింపిన గ్యాస్: సరిపడా. రకం: శుభ్రమైనది. ఎక్కడి నుంచి వచ్చింది: రిత్విక్, మెకానిక్.